ఖాళీ సముద్రం

"ఈ ప్లాను పనికిరాదు. మళ్లీ రాయి," అంటూ లెక్చరర్ తాతారావు కాగితాలను విసిరికొట్టాడు.

బయట, ఉద్యోగాలు స్థానికులకే అంటూ ముల్కీ నినాదాలు హోరెత్తుతున్నాయి. ఎమ్మెస్సీ విద్యార్థి రాజలింగానికి ఒళ్లు మండిపోయింది.

"తార్నాక పోరడు రాకెట్ ఎగరేస్తనంటే మీ ఆంధ్రోళ్లకు కండ్లు మండుతున్నయా, సార్?"

"నోరు ముయ్! తీరంలో ఎగరేసిన రాకెట్ పేలితే ముక్కలెక్కడ పడతాయి?"

"సముద్రంల. ఖాళీ జాగ అని రాసిన గదా!"

"సముద్రం ఎప్పుడైనా చూశావా?"

"చూడలే. అయితేంది?"

"తెల్లవారుజామున నీ రాకెట్ లేచే వేళకు, ఆ ఖాళీ జాగాలో మా నాన్న వల వేస్తుంటాడు."

రాజలింగం వంగి కాగితాలు ఏరుకున్నాడు. 'తెల్లవారుజాము' అని రాసినచోట అడ్డంగా గీత కొట్టాడు. గొంతులో కోపం మాత్రం తగ్గలేదు.

"మీ నాయిన ఒడ్డుకు ఎన్నింటికొస్తడు, సార్?"