మంచం కింద పిండి బస్తా

“అక్కా, కాస్త నోరు తెరవండి” అంటూ చిన్నకోడలు వేడి వేడి కేకు ముక్క పట్టుకుని మేడ మీద నుంచి దిగింది.

పెద్దకోడలికి నోరు తెరవక తప్పలేదు. ముక్క నోట్లో పడగానే వెన్నలా కరిగిపోయింది. కరిగిందన్న సంగతే ఆమెకు మింగుడుపడలేదు.

“తీపి కాస్త ఎక్కువైంది” అంది.

“అత్తయ్యగారు బాగుందన్నారే!”

పెద్దకోడలి కడుపు భగ్గున మండింది. పద్నాలుగేళ్లుగా ఈ ఇంటికి పూటపూటా వండి పెడుతోంది. అత్తగారి నోట ‘ఫరవాలేదు’ దాటి ఇంకో మాట రాలేదు. నిన్నగాక మొన్న తోడికోడలిగా వచ్చిన ఈ పిల్ల మేడ మీద ఓవెన్ పెట్టుకుని నాలుగు కేకులు చేసిందో లేదో, ‘బాగుంద’ట! పైగా వీధివీధంతా దీని ఊసే. ఎదురింటి టైలరమ్మయితే కూతురి పుట్టినరోజు కేకు అప్పుడే చెప్పేసుకుంది.

“మరి అమ్మకం ఎప్పుడు మొదలెడతావు?” అని పైకి నవ్వుతూ అడిగింది.

“లైసెన్సు రావద్దూ? వచ్చేదాకా ఒక్క ముక్క కూడా అమ్మను. నీళ్ల పరీక్ష అయింది, డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చాను, డబ్బాల మీద లేబుళ్లు కూడా అచ్చు వేయించాను. ఇన్‌స్పెక్టరు వచ్చి వంటగది చూసి సంతకం పెట్టాలి, అంతే. అర్జీ పెట్టి ఐదు నెలలైందక్కా. ఎప్పుడడిగినా వరసలో ఉందంటారు.”

“అయ్యో పాపం” అంది పెద్దకోడలు. ఆ పూట ఆమెకు అన్నం సయించింది.

చిన్నకోడలి నోట్లో నువ్వుగింజ నానదు. రోజూ కిందికి వచ్చి అన్నీ చెప్పేస్తుంది. ఓ సాయంత్రం బట్టలు మడతపెడుతూ గొంతు తగ్గించింది.

“మీకు తప్ప ఎవరికీ చెప్పలేదక్కా. చోటు చాలక పిండి బస్తా మంచం కింద తోశాను. అది గనక చూశారా, నా లైసెన్సు గోవిందా! అయినా వాళ్లు ఇప్పట్లో వస్తే కదా. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం మూడు రోజుల్లో వచ్చి వాలతారట. అర్జీకి లేని తొందర ఫిర్యాదుకి చూడండి!”

“మన మీద ఫిర్యాదు చేసేవాళ్లెవరులే” అంది పెద్దకోడలు. ఆమె చేతిలో చొక్కా ఉండ చుట్టుకుపోయింది.

ఆమె మరీ చెడ్డ మనిషేం కాదు. రెండు రోజులు ఆ ఆలోచనను అణచుకుంది. మూడో రోజు భోజనాల దగ్గర అత్తగారు, “చిన్నదాని చేతిలో ఏదో ఉందే” అన్నారు. పెద్దకోడలు వండిన కూర కలుపుకుంటూ మరీ అన్నారు! ఇక ఆగలేకపోయింది. తలుపు గడియ పెట్టుకుని, ఎవరూ పోల్చుకోకుండా ఎడమచేత్తో రాసింది: ‘లైసెన్సు లేకుండా మేడ మీద కేకులు అమ్ముతున్నారు. పిండి బస్తా మంచం కింద ఉంటుంది. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.’ కింద ఇంటి నంబరు వేసింది. కూరగాయలకని బయలుదేరి, లైసెన్సులిచ్చే ఆఫీసు ముందున్న ఫిర్యాదుల పెట్టెలో కాగితం పడేసి, కూరగాయల సంగతే మరిచిపోయి వచ్చింది.

అనుకున్నట్టే మూడో రోజు ఇన్‌స్పెక్టరు దిగాడు. పెద్దకోడలు సాయానికన్నట్టు అతని వెనకే మేడెక్కింది.

“మీ మీద ఫిర్యాదు వచ్చిందమ్మా. అమ్మకాలు సాగిస్తున్నారట?”

“లైసెన్సు రాందే ఎలా అమ్ముతానండీ? చుట్టుపక్కల ఎవరినైనా అడగండి” అంది చిన్నకోడలు.

అతను నేరుగా పడకగదికి వెళ్లి, వంగి, మంచం కింద టార్చి వేశాడు. పాత సూట్‌కేసు ఒకటి కనిపించింది. పిండి మాత్రం వంటగదిలో చెక్కబల్ల మీద, మూత బిగించిన డబ్బాల్లో ఉంది. గుడ్లకు వేరే అర, చేతులు కడుక్కోవడానికి వేరే కుళాయి. కాగితాలన్నీ ఫైలులో వరసగా ఉన్నాయి.

“ఎవరో గిట్టనివాళ్ల పని” అంటూ అతను తల ఆడించాడు. “ఎలాగూ వచ్చాను. మీ అర్జీ తనిఖీ కూడా ఇప్పుడే రాసేస్తాను.”

బస్తా ఎప్పుడు తీసిందో పెద్దకోడలికి అంతుపట్టలేదు. పట్టుబడనందుకు ఊపిరి పీల్చుకోవాలో, లైసెన్సుకు బాట తానే వేసినందుకు తల బాదుకోవాలో కూడా తెలియలేదు. వారం తిరక్కుండా లైసెన్సు ఫ్రేము కట్టించుకుని గోడెక్కింది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు కళ్లలో కారం కొట్టినట్టుండేది.

మొదటి కేకు మాత్రం చిన్నకోడలు టైలరమ్మకివ్వలేదు. డబ్బాతో సహా కిందికి తెచ్చింది.

“ఇది మీకేనక్కా.”

పెద్దకోడలికి సిగ్గుతో చచ్చినంత పనైంది. కళ్లు చెమర్చాయి. “నాకెందుకే? నేనసలు... నీకో సంగతి చెప్పాలి...”

“ముందు నోరు తెరవండి” అంటూ చిన్నకోడలు పెద్ద ముక్క పెట్టేసింది. “లైసెన్సు ఏడాదికే ఇచ్చారు. గడువు తీరాక మళ్లీ తనిఖీకి రావాలట, మళ్లీ వరసేనట.”

పెద్దకోడలు నమలడం ఆపింది.

“వచ్చే ఏడు కూడా ఫిర్యాదు మీరే రాయాలక్కా.”