ముప్పయ్యో రోజు హెలికాప్టరు

“డబ్బా ఉబ్బిందా, సొట్ట పడిందా?”

“ఉబ్బింది నాయనా. మూత చుట్టూ తుప్పు కూడా ఉంది.”

“అయితే దాని జోలికి పోకండి పిన్నిగారూ. ఉబ్బిన డబ్బా తింటే నూటికి తొంభై పాళ్ళు ప్రాణం మీదికే వస్తుంది.”

డాక్టరు ఫైల్లో వేలు పెట్టుకునే మాట్లాడతాడు. డాక్టరన్నది తోటివాళ్ళు పెట్టిన పేరే. ఇరవయ్యేళ్ళు మందుల షాపులో చీటీలు చదివి, షాపు మూతపడ్డాక ఈ వీడియో గేముల కంపెనీలో ఫోను బల్ల దగ్గర చేరాడు. అడవిలో తప్పిపోయినవాళ్ళు ముప్పై రోజులు ప్రాణం నిలుపుకోవాలి, అదీ ఆట. ఆడేవాళ్ళకి చిక్కొస్తే ఫోన్ చేస్తారు. దారులు ఒకటో బల్లకి, జంతువులు రెండో బల్లకి, తిండీ నీళ్ళూ రోగాలూ మూడో బల్లకి, అంటే డాక్టరుకి. ఎవరి ఫైలు వాళ్ళదే. పక్కవాడి ఫైల్లో ఏముందో ఇతనికి తెలియదు. ఇక ఆట సంగతి అసలే తెలియదు. చేరిన రోజున రెండు నిమిషాలు తెర చూసేసరికి కళ్ళు తిరిగి, సూపర్‌వైజరు ఇచ్చిన మంచినీళ్ళు తాగి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ ఆ తెర వంక చూడలేదు.

ఆ గదిలో ఒకే ఒక్క గట్టి నియమం. ఫోన్లో “ఆట” అన్న మాట రాకూడదు. “అటవీ సహాయ కేంద్రం, చెప్పండి” అనాలి. నిజంగా అడవిలోనే ఉన్నామన్న భ్రమ చెదిరితే జనం కొనడం మానేస్తారని పైవాళ్ళ భయం. అందుకే “అడవిలో చిక్కుకున్నారా? మాకు ఫోన్ చేయండి” అని నంబరుతో కాగితాలు అచ్చేయించి, బస్టాపులనీ కొండదారులనీ లేకుండా కనబడిన గోడకల్లా అంటించి వచ్చారు. డాక్టరు అప్పటికే రెండుసార్లు నోరు జారాడు. మూడోసారి జారితే ఇంటికే.

పిన్ని మాత్రం రోజూ పదకొండింటికి ఠంచనుగా చేస్తుంది. “డాక్టరుగారికివ్వండి” అంటుంది. భర్తతో కలిసి ఆడుతోంది కాబోలు, ఆయన కాలు విరిగిందనీ వంతెన కూలిందనీ కొండ మీద ఓ చెక్క ఇంట్లో తలదాచుకున్నామనీ చెప్పుకొచ్చింది. మొదటి రోజే “మీవాళ్ళు ఎప్పుడొస్తారు?” అని అడిగితే డాక్టరు ఆఖరి పేజీ తీసి చదివాడు. ముప్పయ్యో రోజు పొద్దున హెలికాప్టరు వస్తుంది. అందాకా ఉన్నచోటు నుంచి కదలకూడదు. ఆవిడ అప్పట్నుంచీ రోజులు లెక్కపెడుతోంది.

“ఇంతలా లీనమైపోయేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు,” అన్నాడు రెండో బల్లాయన టీ తాగుతూ. అడవి పిన్ని అంటే గదిలో అందరికీ ముద్దే.

ఇవాళ ఇరవయ్యేడో రోజు.

“నీళ్ళో?” అడిగాడు డాక్టరు.

“మంచు కరిగించుకుంటున్నాం.”

“ఎంత తేటగా ఉన్నా పది నిమిషాలు మరగాలి. మీవారెలా ఉన్నారు?”

“రాత్రంతా ఒకటే వాంతులు, జ్వరం. మాంసం సరిగ్గా ఉడకలేదు నాయనా. చెబితే వినకుండా తిన్నారు.”

“మగాళ్ళంతే లెండి. రెండు బిళ్ళలు వేసి పది గంటలు పడుకోనివ్వండి. లేచేసరికి లేడిపిల్లలా గంతులేస్తారు.”

మర్నాడు పిన్ని గొంతు కాస్త తేలికపడింది. “జ్వరం దిగింది నాయనా. ఒళ్ళు చల్లబడింది. ఇంకా లేవలేదు.”

“మంచి మాట చెప్పారు. నిద్ర చెడగొట్టకండి.”

ఇరవైతొమ్మిదో రోజు ఆమె మాట సరిగ్గా వినబడలేదు. ఆయన ఇంకా లేవలేదట. మిగిలింది ఆ ఉబ్బిన డబ్బా ఒక్కటేనట. డాక్టరు గబగబా పట్టిక తిరగేశాడు. ఏమీ తినకపోతే చావు ఖాయం. డబ్బా తింటే నూటికి పది పాళ్ళు బతుకు.

“బాగా ఉడకబెట్టి సగం తినండి పిన్నిగారూ. ఈ ఒక్క రోజు గట్టెక్కితే చాలు.”

“నిజం చెప్పు నాయనా.” ఆమె ఏడుస్తోంది. “రేపు నిజంగా వస్తారా?”

ఇది ఉత్త ఆటే కదమ్మా, ఎందుకింత బెంగ అన్న మాట డాక్టరు నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా సూపర్‌వైజరు రెండో రిసీవరు చెవికి ఆనించుకుని, కనుబొమలెత్తి చూస్తున్నాడు. డాక్టరు మాట మింగేశాడు.

“తప్పకుండా వస్తారు. పొద్దున్నే ఇంటి బయట కూర్చోండి, పైనుంచి కనబడాలి.”

“అలాగే నాయనా. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.”

ముప్పై రోజులూ నెగ్గినవాళ్ళకి గదిలో గంట కొట్టడం అలవాటు. మర్నాడు పదకొండింటికి ముగ్గురూ గంట దగ్గరే నిలబడ్డారు. పదకొండున్నరయింది, పన్నెండయింది. డాక్టరే ఆ నంబరుకి ఫోన్ చేశాడు. అటు మోగుతూనే ఉంది. గెలిచిన సంబరంలో మర్చిపోయి ఉంటుందిలే అన్నారు మిగతావాళ్ళు. డాక్టరుకి మనసు కుదుటపడలేదు. పై అంతస్తుకి, అడవి బొమ్మ గీసే ఆవిడ గదికి వెళ్ళాడు.

“మా పిన్ని ఉన్న ఇల్లు ఒక్కసారి చూపించండమ్మా. కొండ మీద చెక్క ఇల్లు, ఆకుపచ్చ తలుపు, కిటికీల దాకా మంచు.”

ఆవిడ తెర మీద వెతకబోయి, చెయ్యి ఆపి, అతని వంక వింతగా చూసింది.

“మన అడవిలో మంచు కురవదండీ.”