ఎడమకాలి పని

"ఇదేంట్రా, ఇక్కడ మూడో పెడల్ ఎందుకొచ్చింది?"

కారులోకి తల పెట్టి అడిగాడు డ్రైవర్. అది ఆఫీసు కారు, ఆటోమేటిక్. బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ కుడికాలొక్కటే చాలు కాబట్టి నాలుగేళ్లుగా నడుపుతున్నాడు. అతని ఎడమకాలు మోకాలి కింద నుంచి ప్లాస్టిక్‌ది. సొంత కాలు ఆ ఆఫీసు డ్యూటీలోనే పోయింది.

ఆ మెకానిక్ షెడ్డు యజమాని అతని బావమరిదే. చేతులు తుడుచుకుంటూ నేలచూపులు చూశాడు.

"మాన్యువల్ చేసెయ్యమని మీ మేనేజర్ ఆర్డరు బావా. నీకు చెప్పొద్దన్నారు. లోకమంతా క్లచ్ వద్దంటుంటే మీరు పెట్టించుకోవడమేంటి సార్ అని అడిగాను కూడా."

"మీ అక్క ముఖం చూసైనా కుదరదనలేకపోయావా?"

"నేను కాదంటే పక్క షెడ్డువాడు చేస్తాడు. వాడు బిగిస్తే క్లచ్ ఇనుపగుండు. నేను బిగిస్తే వెన్నముద్ద."

అంతలో మేనేజర్ ఫోను చేశాడు. "కారు మారిందండీ. సోమవారం నడిపి చూపించండి. మీవల్ల కాకపోతే అప్పుడు చూద్దాం."

ఆఫీసుల్లో 'చూద్దాం' అంటే ఏమిటో డ్రైవర్‌కి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు.

"నాలుగు రోజులుంది. నేర్పరా," అన్నాడు.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో మొదలుపెట్టారు. ప్లాస్టిక్ పాదానికి క్లచ్ పెడల్ ఎక్కడుందో తెలియదు. క్లచ్ జారిన ప్రతిసారీ కారు గెంతి ఆగిపోయింది.

"బావా, కారు నడుపుతున్నావా, కప్పని తోలుతున్నావా?"

డ్రైవర్ నవ్వబోయి పళ్లు బిగించాడు. కారు ఎత్తు తగ్గేలా షోకు కోసం ఎవరో బయటి షెడ్డులో బిగించిన పొట్టి స్ప్రింగులు ఆ కారుకి. చిన్న గుంటలో పడ్డా టంగుమంటుంది. ఆ దెబ్బ తిన్నగా మోకాలికి తగులుతుంది. సాయంత్రం కాలు ఊడదీస్తే లోపలి మేజోడు నెత్తురుతో తడిసి ఉంది. బావమరిది మళ్లీ ఎగతాళి చెయ్యలేదు.

ఆ టంగుమనే చప్పుడు సంగతి కూడా చూడమని మేనేజర్ బావమరిదికి ఎలాగూ చెప్పి ఉన్నాడు. ఆ వంకతో పొట్టి స్ప్రింగులు పీకేసి, కంపెనీవి వేసి, అరిగిన రబ్బరు బుష్‌లన్నీ మార్చాడు. కాలు జారకుండా పెడల్‌కి గరుకు రబ్బరు అతికించాడు. "పాదాన్ని మర్చిపో బావా. తొడతో తొక్కు," అన్నాడు.

తొడతో తొక్కాడు. వందసార్లు, రెండువందలసార్లు. ఆదివారం నాటికి కారు చెప్పినమాట వింది.

"మొండిఘటానివి బావా నువ్వు," అన్నాడు బావమరిది, కళ్లు తుడుచుకుంటూ.

సోమవారం మేనేజర్ ఫోను చేత్తో పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. "కాంపౌండ్‌లో తిప్పితే ఏం తెలుస్తుంది? రోడ్డు మీదికి పోనివ్వండి."

సిగ్నళ్లు, మలుపులు, ఎత్తు, పల్లం. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. కాలు భగ్గున మండుతున్నా డ్రైవర్ ముఖంలో వెలుగే. తిరిగొచ్చేసరికి ఆఫీసు కిటికీల దగ్గర నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉంది సార్?"

"అద్భుతం. వీడియోలో కూడా చక్కగా వచ్చింది." మేనేజర్ ఫోను ఆపి, జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "ఆటోమేటిక్ మాత్రమే నడపాలని మీ లైసెన్సులో రాసి ఉంది. నడపకూడని బండిని రోడ్డెక్కించిన డ్రైవర్‌ని ఉంచుకోలేం."

డ్రైవర్ కాగితం విప్పాడు. డిస్మిస్ ఆర్డరు. "మీరే కదా సార్ నడపమన్నారు?"

"అన్నాను. డ్యూటీలో కాలు పోయిన మనిషి 'నావల్ల కాదు' అంటే, చట్టం ప్రకారం రిటైరయ్యేదాకా కుర్చీలో కూర్చోబెట్టి జీతమివ్వాలి. ఆ ఒక్క మాట ఎక్కడ అనేస్తారోనని నాలుగు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదండీ!"