మూడో పాటలో చప్పుడు

"సోమవారంలోగా ఆవిడ సంతకం రాకపోతే ఆల్బమ్‌ని అన్ని చోట్లా ఆపేస్తాం," అని చావు కబురు చల్లగా చెప్పి ఫోను పెట్టేశాడు కంపెనీ మేనేజరు.

డ్రమ్మరు గుండెల్లో రాయి పడింది. ఆవిడంటే కింది ఇంటి టైపు మేడమ్. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి నడిపి రిటైరైన మనిషి. మూడేళ్లుగా ఈ బ్యాండు వాళ్లు పైన వాయించడం మొదలుపెడితే చాలు, కాసేపటికి ఆవిడ కింద బూజుకర్ర అందుకునేది. సీలింగు మీద ధన్, ధన్, ధన్ అని పొడిచేది. వీళ్లు ఠక్కున ఆపేసి, చెప్పులు కూడా చప్పుడు కాకుండా నడిచేవాళ్లు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా అన్నయ్యా!" అంది చెల్లెలు. బ్యాండులో పాడేది ఆమే. "మూడో పాటలో ఆ చప్పుడు ఏదో కొత్త రకం డ్రమ్ము అనుకుని జనం మురిసిపోతున్నారు. హాయిగా ఊరుకోక, ఇంటర్వ్యూలో కూర్చుని అది కింది ఇంటావిడ బూజుకర్ర అని చెప్పాలా?"

"నవ్వుతారని చెప్పానే."

"నవ్వారు. కంపెనీ లాయరు కూడా నవ్వాడట. నవ్వి, ఆల్బమ్‌లో చప్పుడు చేసిన ప్రతి మనిషి దగ్గరా సంతకం ఉండాలన్నాడు."

గోడలకు పాత పరుపులు కట్టిన వెనక గదే వాళ్ల స్టూడియో. మూడో పాట రికార్డు చేసిన రోజు చెల్లెలి గొంతు ఎన్నడూ లేనంత బాగా పలికింది. కింద పొడుపులు మొదలైనా, ఆపొద్దని చెయ్యి ఊపేసింది. తర్వాత ఎన్ని తంటాలు పడినా ఆ చప్పుడు విడిగా రాలేదు. ఇంకోసారి పాడి చూస్తే పాట చప్పగా తయారైంది. పోనీలెమ్మని ఉంచేశారు. ఇప్పుడా ఆల్బమ్ ఆరు వారాలుగా మొదటి స్థానంలో ఉంది. బస్సుల్లో, సెలూన్లలో, కాలేజీ క్యాంటీన్లలో మూడో పాట రాగానే జనం బల్లలు చరుస్తున్నారు. ఏడేళ్లు పెళ్లిళ్లలో పరాయి పాటలు వాయించిన నలుగురికి సొంత పాట అన్నం పెట్టడం ఇదే మొదలు. అది ఆగిపోతే మళ్లీ పెళ్లి పందిళ్లే.

"నోరు జారింది నువ్వు. ముందు నువ్వే నడువు," అని చెల్లెలు అతన్ని మెట్ల మీదికి తోసింది.

తలుపు తీసిన టైపు మేడమ్ నవ్వలేదు. "పైవాళ్లా? కూర్చోండి," అంది. గదిలో ప్రతి వస్తువూ గీత గీసి పెట్టినట్టు ఉంది. మూలన బూజుకర్ర ఉంది. డ్రమ్మరు తల ఎత్తి చూశాడు. సీలింగు నిండా సున్నం రాలిపోయిన గుంటలు. ఒక్కో గుంటా తమ మీద ఒక్కో కోపం అని లెక్క వేసుకున్నాడు.

"మేడమ్, మూడేళ్లుగా మిమ్మల్ని పెట్టిన ఇబ్బందికి..."

ఆవిడ చెయ్యెత్తింది. అతను నోరు మూశాడు. చెల్లెలు చాచిన కంపెనీ కాగితం అందుకుని, ఆవిడ వేలు పెట్టి ఒక్కో పంక్తీ చదివింది. "ఈ కాగితం కొట్టినవాడెవడో గానీ, మార్జిన్ వదలడం రాదు," అంది. అన్నాచెల్లెళ్లు ఆ తప్పు కూడా తమదే అన్నట్టు తలలు వంచుకున్నారు.

"ఏదీ, ఆ పాట వినిపించండి."

చెల్లెలు ఫోనులో పెట్టింది. పాట నడుస్తోంది. కర్ర చప్పుడు వచ్చేసరికి ఆవిడ ఒకసారి సీలింగు వైపు చూసింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. పాట అయిపోయింది.

"ఇది నేను కొట్టిందే."

"అవునండీ."

"చివరిదాకా ఉంచారు."

"ఉంచేశామండీ. తప్పే," అన్నాడు డ్రమ్మరు.

ఆవిడ పెన్ను తీసి, సంతకం పెట్టకుండా కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చూడసాగింది. డ్రమ్మరుకి ఆవిడ తిట్టినా బాగుండును అనిపించింది. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మీరు సంతకం పెట్టండి చాలు. నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేసేస్తాం. ఇకమీదట మా చప్పుడు మీకు వినపడదు. ఒట్టు!"

చెల్లెలు అతని మోచెయ్యి గిల్లింది. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లడానికి ఇంకో చోటేమీ లేదు. డ్రమ్ములు చూసి కూడా ఇల్లు అద్దెకు ఇచ్చింది ఈ ఊళ్లో ఈ ఇంటి యజమాని ఒక్కడే.

టైపు మేడమ్ తీసిన పెన్ను మళ్లీ బల్ల మీద పెట్టేసింది. "ఖాళీ చేస్తారా?"

అయిపోయింది అనుకున్నాడు డ్రమ్మరు. అయినా చేతులు జోడించాడు. "మా నలుగురి బతుకూ ఆ ఆల్బమ్‌లోనే ఉందండీ. మీరు ఎలా చెబితే అలా చేస్తాం."

"సంతకానికేముంది, పెడతాను," అంది ఆవిడ. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. "ముందు నాకొక్కటి చెప్పు. పెద్దదాన్నని మొహమాటపడకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"అడగండి మేడమ్."

నలభై టైపు మిషన్ల మధ్య అరిచి అరిచి గట్టిపడ్డ ఆవిడ గొంతు, పరీక్ష ఫలితం అడిగే పిల్లలా సన్నబడింది.

"మూడేళ్లుగా మీ పాటకి నేను తాళం కలిపినప్పుడల్లా ఠక్కున ఆపేసేవారు... అంత అధ్వాన్నంగా కొడుతున్నానా, బాబూ?"