సైకిలిచ్చిన రాయి

“గొర్రు ఈడుండాది, నువ్వు యాడికి పోతాండావు?”

తిప్పమ్మ విత్తనాల గంప నెత్తిన పెట్టుకుని గడపకు అడ్డంగా నిలబడింది.

“ఇట్ల పోయి అట్ల వస్తానే. రాత్రి వాన కొట్టింది కదా, రాళ్ళన్నీ కడుక్కోని పైకి తేలింటాయి,” అన్నాడు ఆమె మొగుడు ఓబుళేసు, తువ్వాలు తలకు చుట్టుకుంటూ.

“వాన పడింది రాళ్ళు కడిగేకి కాదు. పొద్దు మునిగేలోపల పదును ఆరిపోతాది. గంగప్ప ఎద్దు మనకు ఈ ఒక్క దినమే. రేపు మన ఎద్దునే ఆయప్ప చేనికి తోలాల. శెనక్కాయ పడకపోతే యేడాదంతా ఏం తింటాం? రాళ్ళా?”

ఆమె మాటలో అబద్ధం లేదు. ఓబుళేసుకు ఉన్నది ఒంటెద్దు, గంగప్పకూ ఒంటెద్దే. రెండింటినీ జోడు కట్టి వంతులవారీగా విత్తుకోవాలి. ఒకరు గొర్రు తోలాలి, ఒకరు విత్తనం వదలాలి. పైగా వజ్రకరూరు పక్కల వాన అంటే, మళ్ళీ ఎప్పుడొస్తానో చెప్పి పోయే చుట్టం కాదు.

అయితే ఆ చేలల్లో వజ్రాలుంటాయని కూడా అందరూ అంటారు. మూడేళ్ళ కిందట ఓబుళేసు కాలిలో ముల్లు తీసుకోవడానికి వంగి చింతగింజంత రాయి ఒకటి ఏరాడు. దానికి ఒక పక్క ఎర్రటి చార. రాళ్ళు కొనే షావుకారు రామప్ప దాన్ని ఎండకు పెట్టి చూసి, ఊరంతా నోరు తెరుచుకు చూస్తుండగా తన సైకిలు ఇచ్చేశాడు. గుర్రమెక్కి తిరిగే కరణానికి కూడా లేని సైకిలు! ఓబుళేసుకు తొక్కడం రాదు. అయినా దాన్ని చుట్టాన్ని సాగనంపినట్టు పక్కన నడిపించుకుంటూ ఊళ్ళు తిరిగాడు. ఇప్పుడు దాని మీద కోళ్ళు పడుకుంటున్నాయి.

ఆనాటి నుంచీ వాన పడితే చాలు, రాళ్ళేరడానికి ఓబుళేసు నడుము విల్లులా వంగుతుంది. విత్తడానికి మాత్రం పట్టేస్తుంది.

సరిగ్గా అప్పుడే వాళ్ళ కుక్క కర్రి లేచి, ఒళ్ళు విదిలించుకుని చావడి దారి పట్టింది.

“సూడు దీని బుద్ధి!” ఓబుళేసు మండిపడ్డాడు. “ఎప్పుడో ఒగ దినం చావడికాడ కొరికేకి బొక్క దొరికిందని దినమ్మూ పోతాది. మళ్ళా దొరికిందీ లేదు, పాడూ లేదు. బుద్ధిలేని జంతువు!”

తిప్పమ్మ కుక్క వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

“జంతువును అనేకి లేదులే,” అంది.

ఆ మాట ఓబుళేసు చెవికెక్కలేదు. ఆమె పక్కనుంచి దూరి ఉరికాడు.

చేలల్లో ఊరు ఊరంతా ఉంది. ఎవరి గొర్రు వాళ్ళింట్లో భద్రంగా ఉంది. మనుషులు మాత్రం పోగొట్టుకున్నదేదో వెతుకుతున్నంత శ్రద్ధగా వంగి తిరుగుతున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తువ్వాలు నిండా రాళ్ళు మూటగట్టి ఓబుళేసు, రాళ్ళు కొనడానికి షావుకారు మకాం వేసే చావడికి పోయాడు.

షావుకారు లోపల కునుకు తీస్తున్నాడు. బయట ఆయన బండి తోలే నాగన్న ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. బండి కింద కర్రి ఠీవిగా కాపలా కాస్తోంది.

ఓబుళేసు చూపు ఎద్దు మీద పడి అక్కడే ఆగిపోయింది. నొసటి పట్టీలో గవ్వల నడుమ చింతగింజంత రాయి. ఒక పక్క ఎర్రటి చార.

“నాగన్నా, ఇది నా రాయి కదప్పా!”

“నీదా? నాకేం తెలుసు. ఉత్త పలుగురాయంట. షావుకారు పారేస్తాంటే, ఎద్దుకు సింగారంగా ఉంటాదని కుట్టిచ్చినా.”

“పారేసే రాయికి సైకిలెట్ల ఇచ్చినాడు?”

నాగన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “ఆ యేడు మీ ఊర్లో రాళ్ళేరే నరుడే లేడు కదప్పా. అందరూ ఇత్తనం, ఇత్తనం అని పోతాండిరి. ఒగ పాత సైకిలు పోయింది, ఊరంతా చేలో పడింది. ఏరిందంతా మా షావుకారు కాడికే వస్తాండాది.” కాలితో కర్రిని చూపించాడు. “దీనికీ అంతే. ఒగసారి నేనే బొక్కేసినా. అప్పట్నుంచి మా బండికి దుడ్లు లేని కాపలా. మళ్ళా ఏసే పనే పడలా.”

ఓబుళేసుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మూట విప్పి రాళ్ళన్నీ అక్కడే పారబోశాడు. కర్రి మెడ పట్టి ఈడ్చుకుంటూ చేనికి పరుగెత్తాడు.

తిప్పమ్మ ఎద్దులను జోడు కట్టి, గట్టున కూర్చుని, పిడికెడు మన్ను తీసి పిసికి చూసుకుంటోంది. ఇంకా కాస్త తడి ఉంది. ఓబుళేసు ఆయాసపడుతూ జరిగిందంతా చెప్పాడు. నవ్వుదామనుకుంది గానీ ఆమెకు ఏడుపొచ్చింది.

“పోనీలేప్పా. ఇప్పుడన్నా తెలిసొచ్చె. గొర్రు పట్టు.”

పట్టాడు. ఎద్దులు కదిలాయి. విత్తనాలు మట్టిలోకి జారుతుంటే తిప్పమ్మ కడుపు చల్లబడింది. తెలిసిన దేవుళ్ళందరికీ మనసులోనే మొక్కింది.

రెండో చాలు సగానికి రాగానే ఎద్దులు ఆగాయి. తిప్పమ్మ తలెత్తింది. గట్టు మీద కర్రి లేచి, ఒళ్ళు విదిలించుకుని మళ్ళీ చావడి దారి పట్టింది. ఓబుళేసు గొర్రు వదిలేసి, తువ్వాలు దులుపుకుంటూ దాని వెనకే పోతున్నాడు.

“మళ్ళా యాడికప్పా?” తిప్పమ్మ కేక పెట్టింది.

ఓబుళేసు వెనక్కి తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

“పిచ్చిదానా! ఉత్త పలుగురాయికే సైకిలిచ్చినోడు, నిజం వజ్రానికి ఏమిస్తాడో ఆలోచన చేసినావా?”