ఎద్దు పండుకున్న జాగ

యేసయ్య మూడో గుంజ పాతుతుంటే ఒక ముసలాయన రెండు ఎడ్లను తోలుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"గీడ గుడిసె ఏసుకోకు తమ్మీ," అన్నాడు. "ఈ నేల కింద నీళ్ళుంటయి."

మాటను బట్టి లంబాడాయన అని యేసయ్యకు తెలిసింది. పేరు అడిగితే హన్మా అన్నాడు.

అది 1949 మే నెల. యేసయ్య, సత్తెమ్మ రెండేళ్ళు కోదాడ అవతల కూలి చేసి, రజాకార్ల గొడవలు అణిగాక తిరిగి వచ్చారు. సత్తెమ్మ తమ్ముడు జానయ్య, అతని భార్య కూడా వచ్చారు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బాట పక్కన, వాళ్ళు మునుపెరగని చోట, సర్కారు బంజరు ఉంది. అందులో ఎక్కడైనా గుడిసెలు వేసుకొమ్మని పట్వారీ చెప్పాడు.

యేసయ్య బాట పక్కనే ఎంచుకున్నాడు. అక్కడుంటే కూలికి ముందు పిలుస్తారు.

సత్తెమ్మ అడిగింది ఒక్కటే, వానకాలంలో తడవని నేల. కోదాడ అవతల చెరువు కింది పాకలో ఇద్దరు పిల్లలు చెమ్మకు ఊపిరాడక, డొక్కలెగరేసి చనిపోయారు. మిగిలింది నాలుగేళ్ళ జానమ్మ.

"నీళ్ళుంటయని నీకెట్ల ఎరుక తాతా?" అని సత్తెమ్మ అడిగింది.

హన్మా ఎడ్ల పలుపులు విప్పాడు.

ఎడ్లు గుంజల చుట్టూ తిరిగాయి. నేల వాసన చూశాయి. అక్కడ పడుకోలేదు. నడుచుకుంటూ పోయి, అరమైలు అవతల ఉన్న మిట్ట ఎక్కి, అక్కడ పడుకొని నెమరు వేశాయి.

"సూస్తివా బిడ్డా? ఎద్దు పండుకున్న జాగల మనిషి పండుకోవచ్చు. మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసినప్పటి సంది మాకు గిదే లెక్క."

యేసయ్య నవ్వాడు. "ఎద్దునడిగి ఇల్లు కట్టాల్నా? రేపు పిల్ల పెండ్లి గూడ దాన్నే అడుగుదాం."

"అడుగు. అబద్ధమైతే చెప్పదు," అన్నాడు హన్మా.

"గంత మంచి జాగైతే నువ్వే ఉండరాదు?"

హన్మా విప్పిన పలుపులు భుజాన వేసుకున్నాడు. పొద్దు ఎంతుందో చూసి, మిట్ట మీదికి పోయి, ఎడ్లను లేపి తోలుకుపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అదే మాట చెప్పి, పొద్దు వాలకముందే వెళ్ళిపోయేవాడు.

"ముసలోని కన్ను బాట మీద పడ్డది బావా," అన్నాడు జానయ్య. "మనల్ని మిట్టకెక్కించి గీడ తండా దించుతడు. కట్టెలమ్మనీకె బాట కావాలె గదా."

ఆ మాట యేసయ్యకు సరిగ్గా తోచింది.

ఐదో రోజు హన్మాకు ఎదురుపోయాడు. "ఇంకోపాలి ఈ దిక్కు వస్తే మర్యాదుండదు."

"పెద్దమనిషిని గట్లంటవా?" అంది సత్తెమ్మ.

"నువ్వు లోపలికి నడు."

హన్మా ఆయన పక్కనుంచి నడిచి ముందుకొచ్చాడు. సత్తెమ్మ చంకలోని జానమ్మను చూశాడు.

"వానలు పడకముందే పైకెక్కించు బిడ్డా," అన్నాడు.

తర్వాత రాలేదు.

జూన్‌లో వానలు పడ్డాయి. జులై చివరికి గుడిసె లోపల నేల చెమ్మగిల్లింది. ఆగస్టులో పొయ్యిలో నీళ్ళు ఊరాయి. యేసయ్య రెండుసార్లు మొరం మట్టి తెచ్చి పోశాడు. మొరం కూడా తడిసింది.

జానమ్మకు డొక్కలు ఎగరేయడం మొదలైంది.

సత్తెమ్మ మొగుణ్ణి అడగలేదు. పిల్లను గొంగడిలో చుట్టి మిట్ట మీదికి నడిచింది. యేసయ్య వెనకనే తాటాకులు మోసుకొచ్చాడు. మిట్టంతా కమ్ముకున్న తంగేడు పొదలు కొట్టి, నాలుగు కర్రలు పాతి పైన కప్పాడు.

వాన ఆ రాత్రంతా కురిసింది. తెల్లారి సత్తెమ్మ పిల్ల కింద చెయ్యి పెట్టి చూసింది. నేల పొడిగా ఉంది.

నాలుగో రోజు జానమ్మ జొన్న గటక అడిగింది.

నెల తిరిగేసరికి జానయ్య కూడా గుడిసె విప్పుకొని మిట్ట ఎక్కాడు.

"తాతను ఎతికి తోలుకొస్త," అంది సత్తెమ్మ.

"నేను గూడ వస్త," అన్నాడు యేసయ్య.

"తిట్టనీకెనా?"

"కాళ్ళు మొక్కనీకె."

కమ్యూనిస్టులకు అన్నం పెడుతున్నారని మిలిటరీ వాళ్ళు చాలా తండాల జనాన్ని తెచ్చి మిర్యాలగూడ దగ్గర ఒక్కచోట ఉంచారు. అక్కడ అడిగితే చివరి గుడిసె చూపించారు. హన్మా భార్య మోతీబాయి గుమ్మంలో కూర్చొని జొన్నలు చెరుగుతోంది.

"శ్రావణంల పోయిండు," అంది. "జరం వచ్చినంక మూడొద్దులే ఉన్నడు. మీరెవ్వరు?"

సత్తెమ్మ చెప్పింది. "బాట అవతల మిట్ట లేదా అవ్వా, గాడ ఉంటున్నం. తాతనే చెప్పిండు."

మోతీబాయి చేట కింద పెట్టింది.

"మిట్ట మీదనా? పొయ్యి వెట్టిన్రా?"

"వెట్టినం. రెండిండ్లం."

"పొద్దుగాల పొగ లేస్తదా?"

"లేస్తది అవ్వా."

మోతీబాయి మిట్ట ఉన్న దిక్కు చూసింది.

"గీడ మిలిటరోల్లు మా పేర్లు రాసుకున్నరు," అంది. "పొద్దు గూకేలోపు వచ్చి హాజరియ్యాలె. లేకుంటే ఆయన గా మిట్ట మీదనే పండేటోడు."

"మాతోని గీ ముచ్చట చెప్పలే," అన్నాడు యేసయ్య.

"ఎట్ల చెప్తడు తమ్మీ? కాలిన జాగంటే మీరు గుడిసె ఏసుకుంటరా? ఇరవై రెండిండ్లు కాలవెట్టిన్రు ఆ మిట్ట మీద, గా మా తండాకు పెద్ద, నాయక్ ఆయననే."