చాంద్రి రాగం

"పాట బంద్ జెయ్యి!" లెక్కల విఠల్ సారు బెత్తంతో బల్ల మీద కొట్టాడు.

ఏడో తరగతి బిగుసుకుపోయింది. తండా నుంచి బాన్సువాడ బడికి నడిచొచ్చే చాంద్రి మాత్రం మొహానికి పుస్తకం అడ్డం పెట్టుకుని, లంబాడీలో రాగం తీస్తూనే ఉంది.

"నా క్లాసుల పాటలా? చెయ్యి చాపు!"

పుస్తకం వెనక నుంచే ఓ చెయ్యి చాపింది. బెత్తం లేచింది.

పక్కనున్న ఖదీజా తన చెయ్యి అడ్డం పెట్టింది. "కొట్టకుండ్రి సార్! అది పాట గాదు, ఏడుపు. ఆళ్ల తండాల గట్లనే రాగం దీసి ఏడుస్తరు. మొన్న దీని అమ్మ సచ్చిపోయింది."

చాంద్రి రాగం ఆగిపోయింది.

సారు వెళ్లి, పెద్దసారుకు వినపడకుండా తలుపు మూశాడు.

"ఆపకు బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల లెక్కలు లేవు."